బల్ల మీద పెట్టిన ఊరు

పోయిన వారం మనం నవనీతను మర్రిగూడ ఆఫీసు గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. గురువారం పొద్దున తొమ్మిది దాటింది. హైదరాబాదు నుంచి అప్పుడే దిగిన గ్రాహం, భుజాన సంచి దించకముందే, సుగుణమ్మగారి జాగా కాగితం సిద్ధమైందా, రేపే కదా మీటింగు అన్నాడు.

కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. రాళ్లబాయి అనేది మర్రిగూడ పక్కన ఒక మెట్ట ఊరు. పత్తి, కంది తప్ప ఇంకోటి పండదు. బోరు నీళ్ల నిండా ఫ్లోరైడు. పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు చారలు, పెద్దలకు వంగిన నడుములు. లండన్‌లో ఆఫీసు ఉన్న ఒక ట్రస్టు ఆ చుట్టుపక్కల నీళ్లు శుభ్రం చేసే ప్లాంట్లు కడుతోంది. చందాలు సగం ఇంగ్లండువి, సగం అమెరికావి కాబట్టి పెత్తనం కూడా ఇద్దరిది: ఇంజనీరు గ్రాహం ఇంగ్లండు మనిషి, డాక్టరమ్మ బ్రెండా అమెరికా మనిషి. వాళ్లకూ ఊళ్లకూ మధ్య దుబాసి మన నవనీత. ఇరవై ఆరేళ్ల పిల్ల, పుట్టింది రాళ్లబాయిలోనే.

ఊళ్లో సుగుణమ్మ అనే పెద్దావిడ రోడ్డు పక్కన పది గుంటల జాగా ప్లాంటుకు ఊరికే ఇస్తానంది. సోమవారం లండన్ నుంచి మెయిల్ వచ్చింది. గ్రాహం లేడు, బ్రెండా చదివింది. రాళ్లబాయి సంగతి పక్కన పెట్టేశారని చెప్పింది. నవనీత ఆ మాట మోసుకెళ్లి ఊరికి చెప్పింది. ఆ మాపటికే సుగుణమ్మ అదే జాగాను కోళ్ల ఫారం పెట్టుకుంటానన్న దామోదర్‌కు ఇస్తానని మాటిచ్చేసింది.

ఇదీ సంగతి. ఇక గ్రాహం అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. పైన ఫ్యాను తిరగడం లేదు, కరెంటు పొద్దుననగా పోయింది.

రాళ్లబాయి సంగతి పక్కన పెట్టేశారు కదా సార్ అంది నవనీత. గ్రాహం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడంటే కోపం వచ్చిందని అర్థం. ఎవరు చెప్పారమ్మా అన్నాడు. లోపలి గదిలోంచి బ్రెండా, ఐసుముక్కలు గలగలలాడే పెద్ద సీసాతో బయటికొచ్చి, నేనే చెప్పాను అంది. మెయిల్ తెరిచి చూపించింది కూడా. అందులో ఉన్నది ఒక్కటే వాక్యం. రాళ్లబాయి ప్రతిపాదనను శుక్రవారం సమావేశంలో 'టేబుల్' చేస్తారు.

"చూశారా? టేబుల్ చేస్తారు. అంటే అటకెక్కించారు," అంది బ్రెండా.

"టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం," అన్నాడు గ్రాహం. ఆరు నెలల్లో ఆయన అంత పొట్టి వాక్యం మాట్లాడటం నవనీత వినలేదు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకటే భాష, ఒకటే మాట. ఇంగ్లండులో ఏదైనా బల్ల మీద పెట్టారంటే ఇవాళే తేల్చేస్తారని. అమెరికాలో అదే బల్ల మీద పెట్టారంటే ఇక దాని ఊసు ఎత్తరని. ఇన్ని నెలల నుంచి పక్కపక్కన ఉద్యోగాలు చేస్తున్నా ఈ ముక్క ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఏం చెప్పమంటారు! చదువుకున్నవాళ్ల తెలివి ఇలాగే ఏడుస్తుంది.

ఇక మొదలైంది. మీ దేశంలో ఒక్క మాటా సూటిగా చెప్పి చావరని బ్రెండా అంది. అద్భుతంగా ఉంటే 'ఫరవాలేదు' అంటారు, నాశనమైతే 'కొంచెం ఇబ్బంది' అంటారు, ఏది ఏమిటో జాతకం వేసి తెలుసుకోవాలా అంది. మీ దేశంలో చదవడం పూర్తికాకముందే ఊరేగింపు బయల్దేరుతుందని గ్రాహం అన్నాడు. ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది అన్నాడు. ఐదు రోజుల నుంచి మీరు నాతో మాట్లాడటం లేదు కదా, ఫోన్ ఎలా ఎత్తుతారనుకోను అంది ఆమె. అదీ నిజమే. పోయిన శనివారం ఆమె ఆయన చాయ్‌లో ఐసు వేసింది. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో కాగితాల మీదే మాట్లాడుతున్నాడు.

ఊళ్లో వాళ్లకు వీళ్ల సంగతి ముందే తెలుసు. ఆయన కాలు మీరు తొక్కితే ఆయనే మీకు 'సారీ' చెప్తాడు, ఆమె పరిచయమైన మొదటి రోజే మీకెంతమంది పిల్లలు, ఆపరేషన్ అయిందా అని అడుగుతుంది. ఇంగ్లండు వాళ్లంటే మనల్ని ఏలిన దొరలు కదా అని ఎవరో భయపడితే, రాళ్లబాయి లింగయ్య తాత తేల్చిపారేశాడు: మనకు దొర నిజామే, ఈయన తాతలు మన దాకా ఎప్పుడొచ్చిన్రు, మీరు కుర్చీల కూసోండ్రి అని. అప్పటి నుంచి ఇద్దరినీ చూసి నవ్వుకోవడం ఊరికి అలవాటైంది. నవ్వులాటగానే ఉండేది, ఇవాళ్టి దాకా.

నవనీతకు మాత్రం ఇవాళ నవ్వు రావడం లేదు. ఒకే భాష మాట్లాడేవాళ్ల మధ్య తగువు ఎలా ఉంటుందో ఆమెకు కొత్త కాదు. అమీర్‌పేట హాస్టల్లో కోచింగుకు ఉన్నప్పుడు అన్నంలోకి జర తొక్కు వెయ్యమని అడిగితే, గుంటూరు పిల్ల అరటిపండు తొక్క తెచ్చి కంచంలో పెట్టింది. గది గదంతా పడీపడీ నవ్వారు. ఆవకాయను మా ఊళ్లో తొక్కు అంటారని చెప్పే లోపల ఆకలి చచ్చిపోయింది. రాష్ట్రం వచ్చాక ఆ పిల్లే ఫోన్ చేసి, మీ భాష భలే ఉంటుందే అంది. నవనీత మాత్రం ఆ పూట తినకుండా లేచిపోయిన సంగతి మరిచిపోలేదు.

ఇంతకూ రేపటి మీటింగుకు ఏం కావాలో గ్రాహం చెప్పాడు. జాగా ఇస్తున్నట్టు సుగుణమ్మ వేలిముద్ర వేసిన కాగితం ఈ సాయంత్రం లోపల లండన్ చేరాలి. ఆ రోడ్డు పక్కన మిట్ట, కరెంటు లైను ఉన్న జాగా అదొక్కటే. కాగితం లేకపోతే రాళ్లబాయి పేరు కొట్టేస్తారు. మళ్లీ అడగాలంటే వచ్చే ఏడాది, అప్పటికి ఈ చందాలు ఉంటాయో లేదో దేవుడికే తెలియాలి.

వచ్చే ఏడాది! నవనీత అన్న కూతురు నిరోషకు నాలుగేళ్లు. పాలపళ్లు మల్లెమొగ్గల్లా ఉంటాయి. వాటి వెనక రాబోయే పళ్లు లోపల తయారవుతున్న వయసు. ఇప్పుడు తాగిన నీళ్లే రేపు ఆ పళ్ల మీద కనిపిస్తాయని బ్రెండాయే బొమ్మలు వేసి చెప్పింది. నవనీత ఫొటోల్లో పెదాలు బిగించి నవ్వుతుంది. ఆ పిల్లకు అలా నవ్వడం నేర్పాల్సిన పని పడకూడదనే ఈ ఉద్యోగంలో చేరింది. జీతం కోసమే అయితే దేవరకొండలో ప్రైవేటు బడి పంతులమ్మ ఉద్యోగం ఉండనే ఉంది.

పదండి సార్, ఇప్పుడే పోదాం అంది. ఇద్దరూ కొట్లాట ఆపి జీపెక్కారు.

జీపులో కూడా తిన్నగా కూర్చున్నారా? దుమ్ము పడుతుందని గ్రాహం అద్దం ఎత్తాడు, ఊపిరాడదని బ్రెండా దించింది. ఎండ అప్పటికే మండుతోంది. రోడ్డుకు అటూ ఇటూ దున్ని వదిలేసిన చెలకలు, వాటి మీద సుడిగాలులు. నవనీత గడియారం చూస్తుంది, ఫోన్ చూస్తుంది, మళ్లీ గడియారం చూస్తుంది. గ్రాహం గొంతు సవరించుకుని, వీలైతే బహుశా మనం ఇంకాస్త ముందుకు సాగే ఆలోచన చేయవచ్చేమో అని ఇంగ్లీషులో అన్నాడు. డ్రైవరు సైదులు అద్దంలోంచి నవనీత వైపు చూశాడు.

"అక్కా, సారు పర్‌హాప్స్ అంటుండు. ఆపాల్నా, పోనియ్యాల్నా?"

"గాయన పర్‌హాప్స్ అన్నడంటే ఉరికియ్యమని, సైదులూ."

జీపు ఎగిరింది. మామూలు రోజైతే ఆ మాటకు ఆమె నవ్వి ఉండేది. ఇవాళ ఆమె గుండెలో ఇంకో ముల్లు గుచ్చుతోంది, అది ఎవరికీ చెప్పనిది. సోమవారం ఆ మెయిల్ తనూ చదివింది. పక్కన పెట్టేసేదానికి శుక్రవారం దాకా ఆగడమెందుకు, మీటింగెందుకు అని అప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది. ఫోన్ తీసి గ్రాహం నంబరు దాకా పోయింది కూడా. నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదంటే, పోయిన శనివారం జిల్లా నుంచి వచ్చిన అధికారుల ముందు ఆమె 'స్కెజూల్' అంది. అలా పలకమని నేర్పింది బ్రెండా. గ్రాహం మాట మధ్యలో ఆపి, ఇంగ్లీషులో దాన్ని 'షెడ్యూల్' అంటారమ్మా అని దిద్దాడు. అధికారులు నవ్వారు. ఒకాయన మరీ ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు సోమవారానికి కూడా ఆమెలో ఆరలేదు. ఈయనకు ఫోన్ చేసి, ఈ మాటకు అర్థమేమిటి సార్ అని అడగాలా, అడగను పో అనుకుంది. ఫోన్ సంచిలో వేసి ఊరికి బయల్దేరింది. అంతే జరిగింది. పంతం ఎంతసేపూ? ఒక్క నిమిషం.

రాళ్లబాయిలో జీపు దిగేసరికి సుగుణమ్మ జాగాలో దామోదర్ తాడు పట్టుకుని కొలతలు వేస్తున్నాడు. సున్నం గీతలు సగం పడ్డాయి కూడా. నవనీత ప్రాణం ఉసూరుమంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి వచ్చామా అనుకుంది.

సుగుణమ్మ ఇంటి అరుగు మీద లింగయ్య తాత కూర్చుని ఉన్నాడు. సుగుణమ్మ నులకమంచం వాల్చి, వచ్చినవాళ్లిద్దరికీ క్యాను నీళ్లు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. ఆ క్యాను మర్రిగూడ నుంచి కొనితెచ్చింది. తను తాగేది బోరు నీళ్లే, ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. నవనీతకు క్యాను నీళ్లు ఇవ్వబోతే వద్దంది.

నవనీత ఉన్నదున్నట్టు చెప్పింది. పని ఆగిపోలేదు, పెద్దమ్మా, రేపే తేలుస్తారట, సాయంత్రంలోగా కాగితం కావాలట అంది. సుగుణమ్మ విని నెమ్మదిగా మొదలుపెట్టింది. రెండేళ్ల నుంచి దామోదర్ అడుగుతున్నా ఇవ్వలేదనీ, నీళ్ల కోసం భూమిని ఎండబెట్టుకుందని ఊరంతా నవ్వినా పడిందనీ చెప్పింది. మొన్న కాదన్నారు కాబట్టే కొబ్బరికాయ కొట్టి మాటిచ్చానంది.

"నా మొగడు నడుము వంగి పోయిండు బిడ్డా. మాట మాత్రం ఎన్నడు వంచలే. నేనెట్ల వంచుదు?"

తాడు చుట్టుకుంటూ దామోదర్ అక్కడికి వచ్చాడు. మొరటు మనిషి కాదు. ఆయన మోకాళ్లు కూడా పట్టేస్తున్నాయి, లేవాలంటే గోడ కావాలి. ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. తప్పుడు కబురు విని ఇచ్చిన మాట మాటే కాదు, దాన్ని పట్టుకుని తను వేలాడడు. కానీ ఇవాళ వీళ్లు చెప్పేది నమ్మి ఫారం మానుకుంటే, రేపు మళ్లీ కాదంటే ఎవరు జవాబుదారీ? తప్పెవరిదో, ఎట్లా జరిగిందో వాళ్ల నోటితో నలుగురిలో చెప్పాలి. ఆ తర్వాత తాడు తీసుకుని తన దారిన తను పోతాడు.

సుగుణమ్మ తలూపింది. "మూడు దినాల కింద ఒకటి చెప్తిరి, గియ్యాల ఇంకోటి చెప్తుండ్రు. మొన్న తప్పు చెప్పిందెవరో అడుగు బిడ్డా."

నవనీత అడిగింది. అడిగినదాన్ని అడిగినట్టు, ఒక్క అక్షరం తగ్గించకుండా ఇంగ్లీషులో పెట్టింది. ఎలాగూ నిజం చెప్పేస్తారు, రెండు దేశాల మాటల్లో తేడా వచ్చిందంటారు, ఊరు ఒకసారి నవ్వుతుంది, దామోదర్ తాడు చుట్టుకుంటాడు అనుకుంది. ఆమె మనసులో ఆ కాసేపు తేలికైంది కూడా.

బ్రెండా గ్రాహం వైపు చూసింది. గ్రాహం బ్రెండా వైపు చూశాడు. ఏ చాయ్ మీదా, ఏ కిటికీ మీదా, ఏ తారీఖు రాసే పద్ధతి మీదా ఆరు నెలల్లో ఒక్కసారి కూడా కలవని ఆ రెండు చూపులు అప్పుడు కలిశాయి. పెద్దలిద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదని ఊరికి తెలిస్తే ట్రస్టు పరువేం కావాలి? చుట్టూ ఇంకా నాలుగు ఊళ్లు ఉన్నాయి. లండన్‌కు రాసేటప్పుడైనా ఏం రాస్తారు? ఇవన్నీ ఒక్క క్షణంలో వాళ్ల మొహాల మీద తిరగడం నవనీత చూసింది.

"అనువాదంలో చిన్న పొరపాటు జరిగిందని చెప్పు," అంది బ్రెండా, ఆమె కళ్లలోకి చూడకుండా.

గ్రాహం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అవును. అలా చెప్పడమే మంచిదేమో, బహుశా," అన్నాడు.

ఆహా, ఏమి ఐకమత్యం! ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. అవి రాజీపడ్డా విరిగేది లేగల కాళ్లే. అనువాదంలో పొరపాటు అన్న మాటను రాళ్లబాయి భాషలో ఏమని చెప్పాలి? ఆ ఊళ్లో అనువాదమంటే నవనీతే, ఇంకో మనిషి లేదు. ఆ మాటను తనే, తన నోటితోనే, తన ఊరికి చెప్పాలి. మిగతా ఏ ఉద్యోగంలోనైనా మనిషిని వెనక నిందిస్తారు. ఈ ఉద్యోగంలో ఆ నిందను కూడా తర్జుమా చేసి పెట్టాలి.

చెప్పకుండా ఇంకేదో చెప్పొచ్చు. వాళ్లిద్దరికీ తెలుగు రాదు. కానీ ఆరు నెలల్లో ఒకరి మాటను ఇంకోలా చెప్పిన పాపాన ఆమె పోలేదు. ఇవాళ మొదలుపెట్టాలనిపించలేదు.

"తప్పు నాదేనంటున్నరు, పెద్దమ్మా. వాళ్లొకటి చెప్తే నేనింకోటి చెప్పిన్నంట."

దామోదర్ తల దించుకున్నాడు. లింగయ్య తాత నోట్లో పుల్ల తీసి పక్కన పడేశాడు. సుగుణమ్మ మాత్రం నవనీత మొహం మీది నుంచి చూపు తిప్పలేదు.

"అంటున్నరు, సరే. నువ్వేమంటవ్?"

ఆరు నెలలుగా ఎవరో అన్నది ఇంకెవరికో చెప్పడమే నవనీత పని. నువ్వేమంటావని అడిగినవాళ్లు లేరు. అక్కడ ఇద్దరూ ఒకేసారి, ఏమంటోంది ఆవిడ అని ఇంగ్లీషులో అడిగారు. నవనీత వాళ్లకు చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక ఒక మాటను తన దగ్గరే ఉంచుకోవడం అదే మొదలు.

టేబుల్ కథంతా చెప్పేస్తే అయిపోతుంది. అదంతా నిజమే. ఊరు తన పక్కన నిలబడుతుంది, నిరోషకు నీళ్లు వస్తాయి, ఈ ఇద్దరి మొహాలూ మాడిపోతాయి. నాలుక చివర దాకా వచ్చింది. కానీ సంచిలో వేసిన ఫోన్ గుర్తొచ్చింది. సుగుణమ్మ అలా కళ్లలోకి చూస్తుంటే సగం నిజం నోట్లోంచి బయటికి రానంది.

"గా మాటకు వాళ్ల దేశాలల్ల రెండర్థాలున్నయి పెద్దమ్మా. ఆ ముచ్చట వాళ్లకే తెల్వది. గది వాళ్ల తప్పు," అంది. ఒక్క క్షణం ఆగింది. "గని సోమారం నాడే నాకు అనుమానమొచ్చింది. సారుకు ఒక్క ఫోన్ చేస్తే తెలుస్తుండె. చెయ్యలే."

"ఎందుకు చెయ్యలే?"

"నలుగురి ముంగట నా మాట దిద్దిండని కోపమొచ్చి."

చెప్పేశాక ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గూ వచ్చింది. ఎక్కడో బోరింగు కొడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. గ్రాహం గడియారం చూసుకున్నాడు. బ్రెండా నవనీత భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఎందుకో వెనక్కి తీసుకుంది.

సుగుణమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. కోపం ఉందో, జాలి ఉందో ఆ మొహంలో కనిపెట్టడం ఎవరి తరమూ కాలేదు. దామోదర్‌ను చూసి, లింగయ్య తాతను చూసి, ఇద్దరూ జర లోపలికి రమ్మంది. నవనీత కూడా అలవాటు కొద్దీ గడప మీద కాలు వెయ్యబోయింది. ఆ ఇంట్లో దోగాడిన పిల్ల, ఆ గడప దగ్గర ఆమెను ఇన్నేళ్లలో ఆపినవాళ్లు లేరు.

సుగుణమ్మ తలుపు మీద చెయ్యి వేసి, అరుగు వైపు తిరిగింది.

"మీరు ముగ్గురూ గీడనే ఉండుండ్రి," అంది.